300 మీటర్ల బావమరిది

మా బావమరిది చేతికి మూకుడంత వాచీ వచ్చింది. డైవింగ్ వాచీ అట. ఆ పేరు పెట్టుకోవడానికి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 100 మీటర్ల లోతు తట్టుకుంటే చాలు. వీడికి 300 కావాల్సి వచ్చింది. ఉండేది చిత్తూరులో. సముద్రం చూడాలంటే చెన్నై బస్సెక్కాలి. ఎక్కినా మెరీనాలో మోకాలి లోతు దాటడు, ఈత రాదు.

నా చేతిదాన్ని చూసి జాలిపడతాడు. నాది టైటాన్ ఎడ్జ్, మందం 3.5 మిల్లీమీటర్లు. ఉందో లేదో చొక్కాకే తెలియదు. "30 మీటర్లని రాసుందని నమ్మి మునగబోకు బావా, నాలుగు చుక్కలు పడితే ఓర్చుకుంటుంది, అంతే" అంటాడు. నిజమే. నాకు మునిగే పని కూడా లేదు.

మొన్న కాణిపాకంలో పెళ్ళి. పట్టుచొక్కా చెయ్యి ఆ మూకుడు మీదికి దిగక మోచేతి దాకా మడిచాడు. వాచీ చుట్టూ ఉండే రింగును టకటకా తిప్పుతూ పాఠం మొదలెట్టాడు. అది ఒకవైపే తిరుగుతుందట. నీళ్ళలో రాయి తగిలి జరిగినా గడిచిన సమయం ఎక్కువే చూపుతుందట, మనిషి ముందే పైకి వచ్చేస్తాడట. ప్రాణం కాపాడే ఏర్పాటు, కాదనను. దాంతో వీడు కొలిచింది రెండో బంతి ఎప్పుడు లేస్తుందని. 22 నిమిషాలు! తిన్నాక కొళాయి దగ్గరికెళ్ళి, వాచీ విప్పి భద్రంగా జేబులో పెట్టుకున్నాడు.

"ఏమ్రా?"

"నీళ్ళు పడతాయి బావా!"

నవ్వి ఊరుకునేవాణ్ణే. ఆ 300 దగ్గరే కడుపు మండింది. 300 మీటర్లంటే 984 అడుగులు. పలమనేరు పక్క మా నాయన వేయించిన మూడో బోరు వెయ్యి అడుగులు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పాయింటు చూపినోడు గంగమ్మ ఇక్కడే ఉందన్నాడు. బోరు బండి రాత్రంతా అరిచింది. తెల్లారేసరికి టమోటా మొక్కల మీద, మా నాయన మీసాల మీద తెల్లటి దుమ్ము. ఊరింది వడ్డీ ఒక్కటే. అంత లోతు నీళ్ళను తట్టుకుంటుందటరా నీ వాచీ? ముందు ఆ నీళ్ళు చూపించరా! మా నాయన చూడలేదు, చూడకుండానే పోయాడు.

మర్నాడు వీధిలో ట్యాంకరు రావాలి. వాడు బిందె పట్టుకుని, రింగు సున్నాకి తిప్పి నిలబడ్డాడు. ఆ రింగు కొలిచేది 60 నిమిషాలే. పెద్దముల్లు రెండు చుట్లు తిరిగాక ట్యాంకరొచ్చింది.

వాడు వాచీ విప్పి నా చేతిలో పెట్టాడు.