పిచ్చుక కూడా కాదు, అయినా బ్రహ్మాస్త్రమే

మార్చి రెండో వారంలో మా లిఫ్టులో ఒక నోటీసు వెలిసింది. లామినేషన్ చేయించి మరీ అంటించారు. "బేస్‌మెంట్ ర్యాంపు పక్కనున్న చెట్టుపై చేరుతున్న పక్షుల వల్ల వాహనాలకు జరుగుతున్న నష్టం దృష్ట్యా, ఆదివారం ఉదయం పది గంటలకు క్లబ్‌హౌస్‌లో అత్యవసర సమావేశం." కింద సంతకం, దాని మీద స్టాంపు. 2024 వేసవిలో బెంగళూరంతా నీళ్ల ట్యాంకరు కోసం గేటు వైపు చూస్తూ కూర్చున్నప్పుడు కూడా మా సంఘం అత్యవసరంగా కలిసిన పాపాన పోలేదు. గ్రూపులో "ఓపిక పట్టండి" అని ఒక దండం బొమ్మ పెట్టి ఊరుకుంది. నీళ్లదేముంది, ఇవాళ కాకపోతే రేపొస్తాయి. ఇది కారు మీద మచ్చ!

మీకు ముందే చెప్పాలి, మా అపార్ట్‌మెంట్ పేరులో అడవి ఉంది. బ్లాకులకు పక్షుల పేర్లున్నాయి. నేనుండేది ఫ్లమింగోలో. పక్కది పీకాక్. కింగ్‌ఫిషర్ బ్లాకు వాళ్లు అడ్రస్ చెప్పినప్పుడల్లా డెలివరీ కుర్రాళ్లు ఎందుకో నవ్వుతారు. బ్రోచర్‌లో "పక్షుల కిలకిలారావాలతో మేలుకోండి" అని రాసి చదరపు అడుగుకి ఇంతని అదనంగా వసూలు చేశారు. ఆ కిలకిల ఇప్పుడు నిజంగా వినపడేసరికి నోటీసు ఇచ్చారు.

ఇక ముద్దాయి వివరాలు. పేరు పేల్ బిల్డ్ ఫ్లవర్‌పెకర్. ముక్కు కొస నుంచి తోక దాకా 8 సెంటీమీటర్లు, అంటే నా చూపుడు వేలంత. బరువు అయిదారు గ్రాములు. రెండు రూపాయి బిళ్లలు దీనికన్నా బరువు. మన దేశంలో దొరికే అతి చిన్న పక్షుల్లో ఇదొకటి. వీపు మట్టి రంగు, పొట్ట మాసిన తెలుపు, తోక దర్జీ గుడ్డ చాలక వదిలేసినట్టు ఉంటుంది. వాల్‌పేపర్‌కి పనికొచ్చే అందం కాదు. నోరు మాత్రం ఒంటికి మించినది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కొమ్మ మీద అటు తిరిగి ఒక "చిక్", ఇటు తిరిగి ఒక "చిక్". వినపడుతుంది, కనపడదు.

పేరు దగ్గరా దీనికి చిక్కే. 1790లో జాన్ లేథమ్ అనే ఇంగ్లిష్ పండితుడు దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. ఎరిత్రోరింకోస్, అంటే ఎర్రముక్కుది. ఇంగ్లిష్ వాడుక పేరేమో పాలిపోయిన ముక్కుది. తీరా చూస్తే ఆ ముక్కు లేత గులాబీ రంగు. ఆధార్‌లో ఒక పేరు, పాన్ కార్డులో ఇంకో పేరు, మనిషి మూడో రకం. మా సెక్యూరిటీ యాప్‌లో దీనికి విజిటర్ పాస్ కూడా రాదు.

నేరం జరిగిన చోటు గసగసె చెట్టు. కన్నడం వాళ్లు పెట్టిన పేరు, ఎంత బాగా పెట్టారో పండు చిదిమి చూస్తే తెలుస్తుంది. ఎర్రటి చిన్న పండు, లోపల తియ్యటి గుజ్జు, గుజ్జు నిండా గసగసాల్లాంటి గింజలు. బెంగళూరు సందుల్లో ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్లు పోయకుండా పెరుగుతుంది. ఇంగ్లిష్‌లో సింగపూర్ చెర్రీ అంటారు గానీ దీని పుట్టిల్లు అమెరికా ఖండం. అడవి పిట్టకు అడవి పోతే ఊళ్లో ఈ పరాయి చెట్టు దిక్కయింది. మన వాళ్లు మారతహళ్లిలో ఆంధ్రా మెస్సు వెతుక్కోలేదూ, అలాగ.

ఆదివారం పది గంటల సమావేశం పదకొండున్నరకు మొదలైంది. సెక్రటరీ గారు ప్రొజెక్టర్ పెట్టించారు. గుంటూరు వైపు ఆయన, ఏం చేసినా ఘనంగా చేస్తారు. మొదటి స్లైడ్ మీద రెక్కలు చాచిన గద్ద. "ఇది మన సమస్య" అన్నారు. ముందు వరసలో ఒకావిడ గుండె మీద చెయ్యి వేసుకున్నారు.

"సార్, అది గద్దండీ" అన్నాను.

"రిప్రజెంటేటివ్ పిక్చరండీ. పక్షి పక్షే కదా."

రెండో స్లైడ్, తెల్ల కారు బానెట్ మీద ఎర్రటి మరక. దాని పక్కన స్కేలు పెట్టి ఫొటో తీశారు. మూడో స్లైడ్, అదే మరక, దగ్గరనుంచి. నాలుగోది పక్కనుంచి. కారు ఓనరు లేచి నిలబడి, షోరూమ్ నుంచి వచ్చిన రోజు మొదలుకొని ఆ కారు జీవిత చరిత్ర వినిపించారు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టిన ఘట్టంలో ఆయన గొంతు బొంగురుపోయింది. హాల్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఎవరో మంచినీళ్లు తెచ్చిచ్చారు.

తర్వాత చర్చ. ఒకావిడ అది హమ్మింగ్‌బర్డ్ అని, మనం అదృష్టవంతులమని అన్నారు. హమ్మింగ్‌బర్డ్ అమెరికా ఖండాల్లో తప్ప ఎక్కడా ఉండదని ఆమెకు ఎవరు చెబుతారు? నేను చెప్పాను. ఆ రోజు నుంచి ఆవిడ నన్ను చూస్తే లిఫ్టు తలుపు మూసే బటన్ నొక్కుతున్నారు. ఇంకొకాయన పక్షులతో వచ్చే జబ్బుల మీద పావుగంట ప్రసంగించారు. ఈయనే రోజూ పొద్దున టెర్రస్ మీద పావురాలకు రెండు కిలోల జొన్నలు చల్లుతారు, పుణ్యమని. మా ఏసీ యూనిట్లు, కిటికీ అంచులు, ఆరేసిన బట్టలు అన్నీ ఆ పుణ్యంతోనే నిండి ఉన్నాయి. ఆయన పావురాల దండు ఒక పూటలో వేసే రెట్ట ఈ చిన్నప్రాణి ఏడు జన్మలెత్తినా వెయ్యలేదు. ఆ మాట ఎవరూ అనరు. పావురం మతపరమైన విషయం.

అప్పుడు నేను లేచి ఒక తప్పు చేశాను. నిజం చెప్పాను. "ఆ మరకలు దీనివి కావండీ. పండ్లు వాటంతట అవే రాలుతున్నాయి. మిగతాది రాత్రి పూట వచ్చే గబ్బిలాల పని. గసగసె పండంటే వాటికి ప్రాణం" అన్నాను.

"గబ్బిలాలా?"

కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడు. ఎవరో మాస్కు వెతుక్కున్నారు. సెక్రటరీ గారు ల్యాప్‌టాప్‌లో సమావేశం ఎజెండా తెరిచి, "పక్షులు" అన్నచోట "పక్షులు మరియు గబ్బిలాలు" అని అందరి ముందే దిద్దారు. పెస్ట్ కంట్రోల్ కుర్రాడు అక్కడికక్కడే కొటేషన్ పెంచాడు. లాయరు తెలివిగలవాడైతే ముద్దాయికి శిక్ష తగ్గుతుంది. నాలాంటివాడైతే ఇదిగో, ఇలా.

ఒక్క ఆరోపణ మాత్రం కొట్టిపారేయలేను. చిత్తూరు వైపు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరున్నారు, మామిడితోట ఉన్నవారు. ఆయన మెల్లగా అన్నారు, "బాబూ, ఈ పిట్ట ఉన్నచోట మామిడికి బదనిక తప్పదు." నిజమే. బదనికంటే వేరే చెట్టు కొమ్మలో వేళ్లు దించి బతికే మొక్క. దాని పండు ఈ పిట్టకు పరమాన్నం. పండు మింగుతుంది, నిమిషాల్లోనే గింజ అటు నుంచి బయటికి వస్తుంది. వస్తుంది గానీ వదలదు, జిగురు. తీగలాగా వేలాడుతుంది. దాన్ని వదిలించుకోవడానికి పిట్ట కొమ్మ మీద అడ్డంగా జరిగి, వెనక భాగాన్ని బెరడుకేసి రుద్దుతుంది, పీట మీద కూర్చున్న పిల్లాడు జరిగినట్టు. గింజ కొమ్మకు అతుక్కుంటుంది. అక్కడే మొలుస్తుంది. విత్తనం వేసేవాడు వెయ్యాలనుకుని వెయ్యలేదు, పాపం, శుభ్రత కోసం చేశాడు.

ఇంకా ఉంది. బదనిక మొగ్గ తనంతట తాను విచ్చుకోవడానికి తొందరపడదు. ఈ పిట్ట వచ్చి ముక్కుతో కొస నొక్కాలి. నొక్కగానే టప్పున పగులుతుంది, పుప్పొడి దాని నుదుటి మీద పడుతుంది. పెళ్లిపేరంటానికి వెళ్లినట్టు ఆ బొట్టుతో ఇంకో మొగ్గ దగ్గరకు పోతుంది. కొన్ని బదనికల్లో మొగ్గకీ పండుకీ పోలిక ఉంటుందని, పిట్ట రెంటినీ ఒకేలా నొక్కుతుందని ప్రియా దావిదార్ అనే పరిశోధకురాలు 1983లో రాశారు. అంటే పెళ్లి చేసేదీ ఇదే, కాన్పు చేసేదీ ఇదే, పిల్లల్ని కొత్త ఇంట్లో దించేదీ ఇదే.

పెద్దాయన బాధ న్యాయమైనదే. తోటలో బదనిక కొట్టించుకోవాల్సిందే. కానీ బదనిక ఆకు పచ్చగా ఉంటుంది, తన తిండి తాను వండుకుంటుంది. చెట్టు నుంచి తోడుకునేది ముఖ్యంగా నీళ్లు, ఉప్పులు. దాదాపు 100 కిలోమీటర్ల అవతల నుంచి కావేరిని పైకి తోడించుకుని, అది చాలక చెరువు పూడ్చినచోట బోరు వేసి, అదీ ఎండితే ట్యాంకరు పిలిచే ఊళ్లో కూర్చుని, ఆ హాల్లో ఒక్కరికైనా బదనికను తిట్టే మొహం ఉందా? నాకు లేదు. నేనూ అనంతపురం నుంచి గాలికొచ్చి ఇక్కడ అతుక్కున్న గింజనే.

తీర్మానం ఏకగ్రీవంగా పాసయింది. వ్యతిరేకించిన నన్ను ఎందుకో లెక్కపెట్టలేదు.

చెట్టు కొట్టాలంటే ట్రీ ఆఫీసర్ అనుమతి కావాలని 1976 నాటి కర్ణాటక చట్టం చెబుతుంది. అందుకని మా వాళ్లు చెట్టు కొట్టలేదు. "లైట్ ట్రిమ్మింగ్" చేయించారు. బుధవారం ఉదయం రంపం చప్పుడుకి కిందికి దిగేసరికి కొమ్మలు లేవు, ఆకులు లేవు, భుజం ఎత్తున మోడు ఉంది. తల ట్రిమ్ చెయ్యమంటే మెడ దగ్గర చేశారు.

చింతామణి నుంచి వచ్చే తోటమాలి నన్ను పక్కకు పిలిచాడు. "సార్, ఇది చూడండి. సంచి మాదిరి ఉండాది" అని అరచెయ్యి చాపాడు.

చిన్న జామకాయంత ఉంది. ఎండుటాకు రంగు. దూరం నుంచి చూస్తే కొమ్మకు పట్టిన చెత్త అనుకుంటాం, అలా అనుకోవాలనే అది అలా కట్టింది. చేత్తో ముట్టుకుంటే కంబళి ముక్కలా మెత్తగా ఉంది. చెట్ల దూది, దాన్ని కుట్టడానికి సాలెగూడు దారం. పక్కన సన్నటి చీలిక, అదే వాకిలి. లోపల రెండు తెల్లటి గుడ్లు, చిటికెన వేలి గోరంత. ఒకటి చితికింది. రెండోది చితకలేదు, వెచ్చగా కూడా లేదు. పైన కరెంటు తీగ మీద కూర్చుని అది అరుస్తోంది. అదే చిక్, చిక్. ఇంకో మాట దానికి రాదు.

ఫిబ్రవరి నుంచి జూన్ దాకా గూడు కట్టే కాలమయ్యా! ఆగి, జులైలో నరుక్కుంటే మీ కార్లకి తుప్పు పడుతుందా? కోటిన్నర పెట్టి ఫ్లాటు కొన్నవాడికి కారు మీద ఒక గుడ్డ కప్పే స్తోమత లేదా? 1972 నాటి వన్యప్రాణి చట్టం గూడు చెడగొట్టడాన్నీ, గుడ్డు పాడుచేయడాన్నీ వేట అనే అంటుంది. మీరు చేసింది వేట. తుపాకీ లేదు, జీపు లేదు, జీఎస్టీ బిల్లు ఉంది, అంతే తేడా. ఇదే మాట గ్రూపులో రాశాను. నాలుగు నిమిషాల్లో అడ్మిన్ తీసేశారు. "దయచేసి నెగెటివిటీ వద్దు, ఇది ఫ్యామిలీ గ్రూపు" అన్నారు. ఆ గూడు ఏ గ్రూపో మరి.

మోడు పక్కన, గబ్బిలాలు రాకుండా అట, ఒక ప్లాస్టిక్ గుడ్లగూబను నిలబెట్టారు. ఆన్‌లైన్‌లో తెప్పించారు, కళ్లల్లో బ్యాటరీ లైట్లు. మొదటి రాత్రి పీకాక్ బ్లాకు పిల్లాడు దాన్ని చూసి జడుసుకున్నాడు. ఇప్పుడు చుట్టూ ప్లాస్టిక్ పూలతీగ చుట్టి సెల్ఫీ పాయింట్ చేశారు. నిన్న పొద్దున చూశాను, జొన్నల పావురాలు రెండు దాని నెత్తిన కూర్చుని రెట్టలేస్తున్నాయి.

జూన్ 5న పర్యావరణ దినోత్సవం ఘనంగా జరుపుతారట. పిల్లలకు పక్షుల వేషాల పోటీ. మెయింటెనెన్స్ బిల్లు కూడా వచ్చింది, అందులో కొత్త లైను, "పక్షులు మరియు గబ్బిలాల నియంత్రణ". నా వాటా 412 రూపాయలు. కట్టేశాను. పదో తారీఖు దాటితే లేటు ఫీజు వేస్తారు.