పార్కు వాచ్‌మన్ మెడలో వేలాడే ఈల గారికి

ఈల గారూ, నమస్కారం.

నిన్న సాయంత్రం తమరు సరిగ్గా మా అమ్మాయి చెవి పక్కన కూశారు. గుర్తుందా? మాకైతే రాత్రంతా గుర్తుంది.

ఆరుద్ర కార్తె, పైగా వాన పడింది కదా, ఎర్ర పురుగు చూపిస్తానని దానికి మాటిచ్చాను. బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో ముప్పావు గంట ఈదుకొచ్చి, టికెట్ కొని, గడ్డి అంచున వెతగ్గా వెతగ్గా ఒక్కటి దొరికింది. మఖమల్ గుడ్డ చిరుగులా ఎర్రగా ఉంది. అరచేతిలో పెట్టగానే కాళ్లు ముడుచుకుంది. పిల్ల ఊపిరి బిగబట్టి చూస్తోంది. అది మెల్లగా ఒక కాలు బయటపెట్టింది, ఇంకోటి కూడా పెట్టబోతోంది, అప్పుడు కూశారు తమరు. పిల్ల ఉలిక్కిపడింది, పురుగు ఎటు పడిందో ఇప్పటికీ తెలీదు.

చేసిన నేరం గడ్డి మీద మోకాలు ఆనించడం.

చెట్టెక్కకూడదు, మట్టి తవ్వకూడదు, సరే. పక్కన కృష్ణ, ఊరి మధ్యలో ఏలూరు, బందరు, రైవస్ కాలవలు, అయినా మా పిల్ల పిచ్చుకగూడు కట్టాలంటే అపార్టుమెంటు కట్టేవాళ్లు రోడ్డు మీద పోసిన ఇసుక కుప్పే గతి. కళ్ల డాక్టరేమో సైటు రాకుండా ఉండాలంటే రోజుకి 2 గంటలు ఆరుబయట వెలుతురులో ఆడించమంటాడు. ఎక్కడ ఆడించమంటారు, మీ సిమెంటు కుందేలు నోట్లోనా? అందులో ఆల్రెడీ చిప్స్ ప్యాకెట్లున్నాయి.

ఇవన్నీ పోనీలే అనుకుంటా. కానీ పది అడుగుల అవతల పెళ్లికి ముందు ఫొటోలంటూ ఒక జంట అదే గడ్డి మీద అరగంట దొర్లింది! కెమెరా స్టాండ్ కాళ్లు గుచ్చారు, పొగ డబ్బా కూడా వెలిగించారు. అప్పుడు నోరు పెగల్లేదేం? ఆరేళ్ల పిల్ల మోకాలికే చచ్చిపోతుందా నీ గడ్డి? సిగ్గుండక్కర్లా?

క్షమించాలి, ఏకవచనం దొర్లింది.

పిల్ల ఏడుపు విని మీ పెద్దాయన దగ్గరికొచ్చాడు. "ఏంటమ్మా, ఆరుద్ర పురుగా? మేం అగ్గిపెట్టెలో ఆకులేసి దాచేవాళ్లం" అంటూ మిమ్మల్ని తీసి చొక్కా జేబులో పడేసి, వెతకడానికి తనూ మోకాళ్ల మీద కూచున్నాడు. గడ్డి మీదే. ఆ ఐదు నిమిషాలూ మీరు జేబులో ఎంత బుద్ధిగా ఉన్నారని!

పురుగు దొరకలేదు. కార్తె వెళ్లేలోపు ఆదివారం మళ్లీ వస్తున్నాం. పాప అప్పుడే వంటింట్లో అగ్గిపెట్టె ఖాళీ చేసేసింది, పుల్లలన్నీ చక్కెర డబ్బాలో ఉన్నాయి.