సవరణ: ఎంఆర్ఐ ఆక్సిజన్‌ను నేరుగా కొలవదు

"రక్తంలోని ఆక్సిజన్‌ను ఎంఆర్ఐ నేరుగా కొలుస్తుంది" అన్న గత పోస్టులోని వాక్యాన్ని తీసేశాను. స్కానర్‌కు అందేది ప్రధానంగా నీటిలోని హైడ్రోజన్ సంకేతం. ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్ అయస్కాంతానికి స్వల్పంగా ఆకర్షితమవుతుంది, ఆక్సిజన్ పట్టుకున్నది కాదు. ఈ తేడాను 1936లోనే రసాయన శాస్త్రవేత్తలు లైనస్ పాలింగ్, చార్లెస్ కోరియెల్ చూపించారు. ఎంత అందమైన ఆధారమో! ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ పెరిగేకొద్దీ రక్తపు సంకేతం త్వరగా తరిగిపోతుంది. అలా తరగడానికి పట్టే సమయం (టీ2) నుంచి ఆక్సిజన్ శాతాన్ని లెక్కగడతారు. రక్తంలో ఎర్రకణాల వాటా, అంటే హెమటోక్రిట్, తెలియకపోతే ఆ లెక్కను నమ్మలేం. రక్తహీనత ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

ఇంకొకటి. వేలికి పెట్టే ఆక్సీమీటర్ చూసేది ధమనుల రక్తం. మెదడు నుంచి తిరిగొచ్చే సిరలో ఎంఆర్ఐ 60-70 శాతం చూపిస్తే కంగారుపడకండి. అది మెదడు వాడుకోగా మిగిలింది.