ఆటిజం శిక్షణ అంగన్‌వాడీ దాకా రావాలి

రెండేళ్లు దాటినా బిడ్డ పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు, కావలసినదాన్ని వేలితో చూపించడు. ‘వాళ్ల మేనమామకూ ఆలస్యంగానే మాటలొచ్చాయి’ అని పెద్దలు సర్దిచెబుతారు. ఆ ఊరటలోనే విలువైన కాలం కరిగిపోతుంది. తీరా ఆటిజమేమోనన్న అనుమానం బలపడి నగరానికి పరుగెత్తితే, గంటల లెక్కన రుసుం అడిగే థెరపీ కేంద్రాలు ఎదురవుతాయి. వారానికి నలభై గంటలు చేయిస్తే బిడ్డ మామూలైపోతాడని ఆశపెట్టేవారూ ఉన్నారు.

ఆ నలభై గంటల లెక్క 1987 నాటిది. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ మనస్తత్వవేత్త ఐవార్ లోవాస్, తాను శిక్షణ ఇప్పించిన 19 మందిలో 9 మంది తోటి పిల్లలతో సమానంగా ఒకటో తరగతి ముగించారని ప్రకటించారు. కానీ ఎవరికి ఎంత శిక్షణ ఇవ్వాలన్నది ఆయన లాటరీ పద్ధతిలో తేల్చలేదు; కాబట్టి ఆ తేడా శిక్షణ వల్లే వచ్చిందని రూఢిగా చెప్పలేం. పిల్లలను గద్దించడం, తొడపై చరచడం కూడా ఆ శిక్షణలో ఉండేవి. పసివాడిని కొట్టి నేర్పే పద్ధతిని మేము ఏ ఫలితం పేరుతోనూ సమర్థించం.

ఆట, మాట కలగలిపిన ‘డెన్వర్ నమూనా’ అనే శిక్షణను 48 మంది చిన్నారులపై లాటరీ పద్ధతిలోనే పరీక్షించిన అధ్యయనం 2010లో వెలువడింది. రెండేళ్లలో ఐక్యూ సగటున 17 పాయింట్లకు పైగా పెరిగింది. మామూలు సేవలు పొందినవారిలో ఆ పెరుగుదల 7 పాయింట్లే. తర్వాత పలు కేంద్రాల్లో జరిపిన పరీక్షలో భాషలో మేలు కనిపించినా, ఐక్యూలో అంత తేడా రాలేదు. త్వరగా అందిన సాయం బిడ్డకు ఉపయోగపడుతుందని దీన్నిబట్టి చెప్పగలం. నయమైపోతుందని హామీ ఇచ్చే అధికారం మాత్రం ఎవరికీ లేదు.

మనకు అన్నిటికన్నా దగ్గరి పాఠం గోవా, పాకిస్థాన్‌లోని రావల్పిండిల నుంచి వచ్చింది. 65 మంది పిల్లలతో జరిగిన ఆ అధ్యయనం 2016లో వెలువడింది. అక్కడ పనిచేసింది నిపుణులు కాదు, శిక్షణ పొందిన సాధారణ ఆరోగ్య కార్యకర్తలు. తల్లి బిడ్డతో ఆడుకుంటుంటే వీడియో తీసి, దాన్ని ఆమెతో కలిసి చూస్తూ, బిడ్డ ఇచ్చిన ఏ సంకేతాన్ని ఆమె అందుకున్నదో, ఏది జారిపోయిందో చర్చించారు. ఎనిమిది నెలలకు చూస్తే తల్లిదండ్రుల స్పందన మెరుగైంది, పిల్లలు తామే చొరవ తీసుకుని పలకరించడం పెరిగింది. ఇద్దరూ ఒకే వస్తువుపై దృష్టి నిలిపే సమయం మాత్రం తగ్గింది. ఆ లోపాన్ని పరిశోధకులు దాచలేదు, అందుకే ఈ ఫలితాలపై మాకు నమ్మకం ఎక్కువ.

హైదరాబాద్ సహా ఐదు ప్రాంతాల్లో జరిగిన సర్వే ప్రకారం దేశంలో దాదాపు వంద మంది పిల్లల్లో ఒకరికి ఆటిజం ఉంది. ఇంతమందికి నగరాల్లోని నిపుణులు ఏ మూలకు? ఆటిజాన్ని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యంగా గుర్తించింది. పిల్లల్లో ఆరోగ్య, ఎదుగుదల లోపాలను ముందే గుర్తించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. మేధో వైకల్యాలపై పనిచేసే జాతీయ సంస్థ సికింద్రాబాద్‌లోనే ఉంది. బిడ్డను గుర్తించి పెద్దాసుపత్రికి చీటీ రాయడంతో బాధ్యత తీరదు. గోవా తరహా శిక్షణను అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలకు ఇవ్వాలి. ఇప్పటికే మోయలేని పని మోస్తున్న వారికి దీనికి వేరుగా వేతనం చెల్లించాలి. రెండు తెలుగు రాష్ట్రాలూ చెరొక జిల్లాలో వెంటనే మొదలుపెట్టి, ఏడాది తర్వాత ఫలితాలను లోపాలతో సహా ప్రజల ముందుంచాలి.