మెయిన్ స్విచ్ ఎక్కడుందో ఎందరికి తెలుసు?

2023 డిసెంబరు 4 తెల్లవారుజామున, మిచౌంగ్ తుపాను తీరం పక్కనే నింపాదిగా కదులుతూ చెన్నై మీద వాన కుమ్మరిస్తుండగా, వేళచ్చేరిలో మా అపార్టుమెంటు పార్కింగులోకి నీళ్లు చేరాయి. మీటర్ల పెట్టెలన్నీ ఆ పార్కింగు గోడకే, నడుమెత్తులో ఉన్నాయి. నీళ్లు మోకాళ్లు దాటినా కరెంటు ఇంకా పోలేదు. మెట్ల మీద గుమిగూడిన పదిహేను మందిలో, భవనం మొత్తానికి సరఫరా ఆపే మెయిన్ స్విచ్ ఎక్కడుందో తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. తెలిసిన వాచ్‌మన్ బంధువుల పెళ్లికని శ్రీకాకుళం వెళ్లాడు. “నేను చూసొస్తానంకుల్, మీరుండండి” అంటూ మూడో అంతస్తు కుర్రాడు ప్యాంటు పైకి మడిచి నీళ్లలోకి దిగబోయాడు. అంతలో ఈబీ, అంటే విద్యుత్ బోర్డువాళ్లు వీధి మొత్తానికి సరఫరా ఆపేశారు. ఆ కుర్రాణ్ని ఆపింది మా తెలివి కాదు, చీకటి.

అతని ధైర్యాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కష్టకాలంలో ముందుకొచ్చేవాళ్లకు చెన్నైలో ఏనాడూ కొరత లేదు. 2015 డిసెంబరు 1, 2 తేదీల మధ్య 24 గంటల్లో తాంబరంలో 49 సెంటీమీటర్ల వాన పడి, చెంబరంబాక్కం జలాశయం నుంచి 29 వేల క్యూసెక్కుల దాకా నీరు వదలగా అడయారు నది పొంగి కోట్టూరుపురం, సైదాపేట, జాఫర్‌ఖాన్‌పేట మునిగినప్పుడు, మత్స్యకారులు పడవలేసుకుని వీధుల్లోకి వచ్చారు. మసీదులు, కల్యాణ మండపాలు తలుపులు తెరిచాయి. ముక్కూమొహం తెలియనివాళ్లకు జనం వండి పెట్టారు. ఆ సంగతులు ప్రతి డిసెంబరులోనూ చెప్పుకుంటాం, చెప్పుకోదగ్గవే. అయితే ఆ మెచ్చుకోళ్ల సందడిలో అడగవలసిన ప్రశ్న ఒకటి మరుగున పడుతోంది. సాయానికి పరుగెత్తుకొచ్చిన మనిషికి ఏం చేయాలో, అంతకంటే ముఖ్యంగా ఏం చేయకూడదో, ఎవరైనా ఎప్పుడైనా నేర్పారా?

ఈ ప్రశ్నకు ప్రాణాలతో మూల్యం చెల్లించిన నగరం మెక్సికో సిటీ. 1985 సెప్టెంబరు 19 నాటి భూకంపం తరవాత అక్కడి మామూలు జనం శిథిలాల కింది నుంచి దాదాపు 800 మందిని బయటికి లాగారు. ఆ పనిలోనే వాళ్లలో సుమారు 100 మంది చనిపోయారు. భూకంపాల భయం తమకూ ఉన్న లాస్ ఏంజెలెస్ అగ్నిమాపక శాఖ ఈ రెండంకెలనూ పక్కపక్కన పెట్టి చూసుకుంది. పెద్ద విపత్తు వస్తే తొలి గంటల్లో తమ బండ్లు అందరి దగ్గరికీ చేరలేవని ఒప్పుకుంది. ప్రభుత్వ శాఖలు ఇలాంటి మాట ఒప్పుకోవడం ఎక్కడైనా అరుదే. 1986లో ఇరుగుపొరుగువాళ్లు 30 మందిని ఒక జట్టుగా చేర్చి, వారానికి రెండున్నర గంటల చొప్పున ఏడు వారాలు శిక్షణ ఇచ్చింది. 1993లో విపత్తుల పని చూసే ఫెమా అనే అమెరికా కేంద్ర ప్రభుత్వ సంస్థ ఆ పద్ధతిని దేశమంతటికీ విస్తరించింది.

ఆ పాఠాల్లో అబ్బురపడేదేమీ లేదు. గ్యాసు, కరెంటు, నీళ్లు కట్టేయడం, చిన్న మంటను చిన్నగా ఉన్నప్పుడే ఆర్పడం, పదిమంది గాయపడితే ముందు ఎవరిని చూడాలో తేల్చుకోవడం, బరువు కింద చిక్కుకున్న మనిషిని చెక్కదిమ్మల ఆసరాతో బయటికి తీయడం నేర్పుతారు. నాకు అన్నిటికంటే విలువైనవిగా తోచినవి మాత్రం అందులోని నిషేధాలే. ఒంటరిగా వెళ్లకూడదు, తీవ్రంగా దెబ్బతిన్న కట్టడంలో అడుగు పెట్టకూడదు, కాపాడబోయి తానే మరో బాధితుడిగా మారకూడదు. నీళ్లలో నిలబడి మీటరు పెట్టె మీద చెయ్యి వేయకూడదన్న మాట ఆ కుర్రాడికి బడిలోగానీ కాలేజీలోగానీ ఒక్కరు చెప్పి ఉంటే, ఆ ఉదయం అతను మెట్లు దిగేవాడు కాదు.

మన దగ్గర ఏమీ జరగలేదనడం అన్యాయం. 2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో ‘ఆపద మిత్ర’ పేరుతో వరద ముప్పున్న 30 జిల్లాల్లో 6,000 మందికి శిక్షణ మొదలుపెట్టి, తరవాత దాన్ని 350 జిల్లాల్లో లక్ష మందికి పెంచాలని తలపెట్టింది. 12 రోజుల శిక్షణ, చేతికొక కిట్టు. పథకం మంచిదే, లెక్క దగ్గరే చిక్కంతా. లక్షను 350తో భాగిస్తే జిల్లాకు 300 మంది కూడా రారు. చెన్నై కార్పొరేషన్‌లో వార్డులే 200. ఆ సగటును ఇక్కడికి వర్తింపజేస్తే వార్డుకు ఒకరు, మహా అయితే ఇద్దరు. ఆ ఒకరిద్దరూ ఆ రోజు ఊళ్లో ఉండాలి, వాళ్ల ఇల్లు మునగకుండా ఉండాలి. పైగా 12 రోజులు పని మానుకుని శిక్షణకు వెళ్లే వీలు ఆటో డ్రైవరుకూ ఉండదు, దుకాణంలో పనిచేసే అమ్మాయికీ ఉండదు. ఆపద మిత్రలను తీసేయమని నేననను. వాళ్లకు దిగువన ఇంకొక మెట్టు కావాలి. ఏడెనిమిది ఆదివారాల్లో ముగిసే చిన్న శిక్షణ వీధివీధికీ అందాలి.

తుపాను అంటే ఏమిటో తెలుగువాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన పది వేల మందికి పైగా బలి తీసుకుంది. అప్పటికే బంగ్లాదేశ్, 1970 భోలా తుపానులో కనీసం 3 లక్షల మందిని పోగొట్టుకున్న అనుభవంతో, తీర గ్రామాల్లో వాలంటీర్ల వ్యవస్థను కట్టుకోవడం మొదలుపెట్టింది. ఇవాళ అక్కడ 76 వేల మందికి పైగా వాలంటీర్లున్నారు. వాళ్లు చేసే పనిలో సాహసం పాలు తక్కువే. జెండా ఎగరేయడం, మెగాఫోను పట్టుకుని ఇంటింటికీ తిరిగి పిలవడం, మన పాత మాటలో చెప్పాలంటే చాటింపు వేయడం. రేడియో మాటకు కదలని ముసలమ్మ, రోజూ పలకరించే మనిషి గుమ్మంలోకి వచ్చి “లే అవ్వా, పోదాం” అంటే కదులుతుంది.

చెన్నైలో ఆ చాటింపు ఇప్పుడు సెల్‌ఫోనులోకి వచ్చింది, ఎక్కువగా తమిళంలోనో ఇంగ్లీషులోనో. తరతరాలుగా ఈ నగర వీధులు ఊడుస్తున్న తెలుగు పారిశుధ్య కార్మికుల కుటుంబాలకు తమిళం కొత్త కాదు, వాళ్లలో కొందరికి చదవడమే రాదు. పెరుంగుడి, తొరైపాక్కం హాస్టళ్లలో దిగిన మన కుర్రాళ్లకు చదవడం వచ్చు, తమిళం రాదు. ఆరెంజ్ అలర్టు అంటే సిద్ధంగా ఉండమని, రెడ్ అంటే ఇక కదలమని అర్థం చేసుకోకుండా, రెండింటినీ సెలవు కబురుగానే చూసేవాళ్లు నాకు చాలామంది తెలుసు. కార్పొరేషన్ వారి సహాయ నంబరు 1913 తెలిసినవాళ్లు మరీ తక్కువ.

ఇంటి సంగతికి వస్తే, ‘అత్యవసర సంచి’ జాబితాలకు ఫోనుల్లో లోటు లేదు. మనిషికి రోజుకు మూడు నాలుగు లీటర్ల మంచినీళ్లు, టార్చి, పవర్ బ్యాంకు, మందులు, కాగితాలన్నీ వేసిన ప్లాస్టిక్ కవరు: ఇవి అందరికీ తెలిసినవే, ఇక్కడ మళ్లీ రాయను. కరెంటు లేని ఆ మూడు రోజుల్లో మాకు నిజంగా అడ్డు తగిలినవి ఏ జాబితాలోనూ లేవు. సంపులోకి మురుగునీరు చేరింది. ఆ సంగతి తెలియక జనరేటరు తెప్పించి మోటారు వేయబోయారు, వేసి ఉంటే పైట్యాంకులో మిగిలిన మంచినీళ్లు కూడా పాడయ్యేవి. కింది ఫ్లాటు పిన్నిగారి ఇన్సులిన్ పనిచేయని ఫ్రిజ్జులో ఉండిపోయింది. ఎవరో ఐసుగడ్డల మధ్య పెట్టమన్నారు. గడ్డకడితే ఇన్సులిన్ పనికిరాదని నర్సుగా చేసి రిటైరైన ఆవిడ అడ్డుకున్నారు. వాడకంలో ఉన్న సీసా చాలా రకాల్లో సుమారు నాలుగు వారాలు, వేడి 30 డిగ్రీలు దాటకపోతే, ఫ్రిజ్జు లేకుండానే నిలుస్తుందట. కొత్త సీసాలను మాత్రం కవరులో చుట్టి, తడిపిన ఇసుకలో కుదురుగా పెట్టిన మట్టికూజాలో ఉంచి మూత పెట్టించారు. ఆవిడ మా భవనంలో ఆరేళ్లుగా ఉంటున్నారు. నర్సని ఆ రోజే తెలిసింది.

నా వాదన సారమంతా ఈ చివరి వాక్యంలోనే ఉంది. ఎవరికి ఏ పని వచ్చో, ఎవరి ఇంట్లో ఆక్సిజన్ యంత్రం మీద బతికే మనిషి ఉన్నారో ముందే తెలిసి ఉండటం సంచి కంటే ముందు రావలసిన సన్నద్ధత. అది తెలిశాక చేతులకు అలవాటు కావాలి. గుండె ఆగిన మనిషి ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదారు సెంటీమీటర్ల లోతుకు నొక్కాలని వీడియో చూసి చెప్పగలం. ఆ లోతెంతో బొమ్మ మీద ఒకసారి నొక్కి చూస్తేనే తెలుస్తుంది, రెండు నిమిషాలకే చేతులు పడిపోతాయన్నది కూడా అప్పుడే అర్థమవుతుంది.

దీనికొక గట్టి అభ్యంతరం ఉంది. ఇదంతా ప్రభుత్వ బాధ్యతను జనం నెత్తిన పెట్టడం కాదా? 2015 వరదను, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికే మానవ తప్పిదం వల్ల వచ్చిన విపత్తుగా చెప్పింది. వాననీటిని ఇముడ్చుకునే పళ్లికరణై చిత్తడినేల కుంచించుకుపోయింది పౌరులకు ప్రథమ చికిత్స రాకపోవడం వల్ల కాదు. ఈ అభ్యంతరాన్ని నేను పూర్తిగా అంగీకరిస్తాను. వాలంటీర్లు జలాశయం గేట్లు ఎత్తలేరు, కాలువలు తవ్వలేరు. శిక్షణ ఇచ్చాం గనుక మా పని తీరిందని ఏ ప్రభుత్వమైనా అంటే నిలదీయాలి. అలాగే శిక్షణ అసోసియేషన్లున్న అపార్టుమెంట్ల దగ్గరే ఆగిపోతే, కణ్ణగి నగర్, పెరుంబాక్కం పునరావాస కాలనీలవాళ్లకు మళ్లీ మత్స్యకారుల దయే దిక్కు. శిక్షకుల జీతం, బొమ్మలు, తాళ్లు, మెగాఫోన్ల ఖర్చు వార్డు బడ్జెట్లోంచే రావాలి. అయితే కాలువ పూర్తయ్యేదాకా వాన ఆగదు కదా.

మా అపార్టుమెంటులో ఆ తరవాతి సెప్టెంబరులో, ఈశాన్య రుతుపవనాలకు ముందు, ఒక ఆదివారం మేమే చిన్న అభ్యాసం పెట్టుకున్నాం. 24 ఇళ్లలో 9 ఇళ్లవాళ్లు వచ్చారు. పాఠం చెప్పింది వాచ్‌మనే. మెయిన్ స్విచ్, సంపు వాల్వు, టెర్రస్ తలుపు చూపించాడు. పార్కింగులోకి నీళ్లు రాకముందే కరెంటు కట్టేయాలని, వచ్చాక అటు వెళ్లకుండా ఈబీకి ఫోను చేయాలని చెప్పాడు. వాల్వు తిప్పబోతే తిరగలేదు, తుప్పు పట్టి బిగుసుకుంది. ప్లంబరును పిలిపించి కొత్తది వేయించాం. మెయిన్ స్విచ్ పెట్టె మీద తమిళం, తెలుగు, ఇంగ్లీషు మూడు భాషల్లోనూ కాగితం అంటించాం. దానికి వేసిన తాళంచెవి సెక్రటరీగారి దగ్గర ఉండాలా, వాచ్‌మన్ దగ్గర ఉండాలా అన్నది మాత్రం మూడు సమావేశాలైనా ఇంకా తేలలేదు.