సవరణ: పీహెచ్‌క్యూ-9 మార్కులే రోగ నిర్ధారణ కాదు

పీహెచ్‌క్యూ-9 అంటే డిప్రెషన్ (కుంగుబాటు) లక్షణాలను మార్కులతో అంచనా వేసే ప్రశ్నావళి. మానసిక ఆరోగ్య క్లినిక్‌కు కొత్తగా వచ్చినవారి తొలి పరిశీలనపై ఇదివరకటి వ్యాసంలో ‘పీహెచ్‌క్యూ-9లో 10 వస్తే డిప్రెషన్ ఉన్నట్టే’ అని ఉంది. దాన్ని ఇలా చదవండి: ‘10 గానీ అంతకు మించి గానీ వస్తే, డిప్రెషన్ ఉందేమోనని వివరంగా పరిశీలించాలి.’

ఆ ప్రశ్నావళి గడిచిన 2 వారాల గురించే అడుగుతుంది. 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. నీరసం, ఆకలి తగ్గడం, మందకొడితనం థైరాయిడ్ లోపంలోనూ కనిపిస్తాయి. బైపోలార్ (కుంగుబాటు, అతి ఉత్సాహపు ఉన్మాద దశలు మారి మారి వచ్చే రుగ్మత) ఉన్నవారికీ కుంగుబాటు దశలో ఇవే మార్కులు రావచ్చు. గతంలో నిద్ర అవసరమే లేనంత ఉత్సాహంతో గడిపిన రోజులున్నాయా అని అడగకుండా డిప్రెషన్ మందు మొదలుపెడితే, వారిలో కొందరికి ఉన్మాద దశ తలెత్తవచ్చు. అలాంటి రోజులు గడిచాయన్నది మార్కుల్లో కనబడదు, మాట్లాడితేనే బయటపడుతుంది.

తొమ్మిదో ప్రశ్న ప్రస్తావన ఆ వ్యాసంలో లేదు. అన్నిటికంటే ముఖ్యమైనది అదే. చనిపోతే మేలన్న ఆలోచన, తనకు తాను హాని చేసుకోవాలన్న తలంపు గురించి అడిగేది అక్కడే. మొత్తం 4 మాత్రమే వచ్చినా సరే, ఆ గడిలో 0 కాక మరేదైనా ఉంటే ఆ వ్యక్తి ఇంటికి వెళ్లేలోపే ఏకాంతంగా, నేరుగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయానికి ఆధారం లేదు.