ఒక్క ఖాళీకి మూడు గంటలు

సొంత మెయిల్ సర్వర్ పెట్టుకోవడం నేరమా? ఒక్క ఉత్తరం కదలదు. సర్వర్ రాసుకునే చిట్టా, అదే లాగ్, తెరిస్తే ‘గడువు మించింది’ అన్న మాటే. ఎందుకు మించింది? అది మాత్రం చెప్పదు! తీరా చూస్తే సర్వర్ అద్దెకిచ్చినవాళ్లు 25వ పోర్టు, అంటే ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు ఉత్తరాలు వెళ్లే ద్వారం, మూసి ఉంచారు. ఆ ముక్క ముందే చెబితే వాళ్ల సొమ్మేం పోయింది? అద్దె మాత్రం ముందే పుచ్చుకున్నారు.

అది తెరిపించానో లేదో, అవతలి సర్వర్ నుంచి 550 అనే ఎర్రర్ కోడ్‌తో తిరస్కారం. రివర్స్ డీఎన్ఎస్, అంటే ఐపీ అడ్రసును బట్టి సర్వర్ పేరు చెప్పే రికార్డు, లేదట. సరే, పెట్టాను. ఈసారి నా డొమైన్ పేరుతో ఉత్తరాలు ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్ రికార్డులు రెండున్నాయట, కాబట్టి రెండూ చెల్లవట!

ఇక ఉత్తరాలు పంపే సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్. దాని సెట్టింగుల ఫైలు మెయిన్.సీఎఫ్‌లో ఒక వరుస మొదట్లో నా చేతి చలవ వల్ల ఒక ఖాళీ పడింది. అంతే, దాన్ని పై వరుసకు కొనసాగింపుగా చదువుకుంది. కంటికి కనబడని ఖాళీని అర్ధరాత్రి ఎవడు వెతుకుతాడు? నేనే వెతికాను, మూడు గంటలు.

చివరికి ఉత్తరం వెళ్లింది. ఎక్కడికి? స్పామ్‌లోకి.